కొల్లేటి గట్ల మీద

తెల్లారకముందే కైకలూరులో గ్రావెల్ బైకులెక్కి ఆటపాక వైపు పోయాం. గ్రావెల్ బైక్ అంటే లావు టైర్ల సైకిలే, రేటే వేరు! టైర్లలో గాలి కాస్త తగ్గించుకుంటే కంకర మీద ఒళ్లు హూనం కాదు. ఆటపాకలో మంచెల మీద గూడబాతుల కాపురాలు, కింద నీచు వాసన. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు కొల్లేటిలో కాసేపాగి ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికి పోతాయి. పోవాలి, మరి. కానీ దారి పొడవునా చేపల చెరువులే అడ్డం. 2006లో సర్కారు వాళ్లు అక్రమ చెరువుల గట్లు ఎన్నో కొట్టేశారు కదా, మళ్లీ లేచాయి. మేం తొక్కుతున్నదీ అలాంటి గట్టేనేమో! ఇంతలో వెనక మేత బస్తా కట్టుకున్న పెద్దాయన డొక్కు సైకిల్ మీద మమ్మల్ని దాటేస్తూ, "గేర్లు పనిచెయ్యట్లేదా బాబూ?" అన్నాడు.