కొరియాలో నాలుగు వారాలు - ఒక తక్కెడ కథ



పోయిన ఏడాది జూలైలో మేము ఇద్దరం దక్షిణ కొరియా వెళ్ళి నాలుగు వారాలు ఉండి వచ్చాం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే పక్కపక్కన ట్రంకు పెట్టెలు పెట్టుకుని చదువుకున్నవాళ్ళం. ఇప్పుడు ఒకే యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాం. సియోల్‌లో ఒక యూనివర్సిటీ నడిపే వేసవి కోర్సుకు మా దగ్గర నుంచి పదకొండు మందిని ఎంపిక చేస్తే అందులో మా పేర్లు కూడా వచ్చాయి. మనకు జూలై అంటే వానాకాలం, బడులు తెరిచిన కాలం. వాళ్ళకు మాత్రం అది వేసవి సెలవులు. అయితే వాన అక్కడా వదల్లేదు. ఆ వానలను వాళ్ళు 'చాంగ్మా' అంటారు.

వచ్చినప్పటి నుంచి చెల్లెళ్ళు అడుగుతున్నది ఒకటే ప్రశ్న: "అక్కా, బీటీఎస్ వాళ్ళను చూశారా?" చూడలేదమ్మా. కానీ చూసినవి చాలా ఉన్నాయి. అందులో ఒకటి మన హాస్టల్ పిల్లలందరికీ తెలియాల్సిన సంగతి. దాని కోసమే ఇది రాస్తున్నాం.

మొదట తిండి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. వాళ్ళూ మనలాగే అన్నం తినేవాళ్ళు. చేత్తో కాదు, స్టీలు చెంచాతో. కూరలకు స్టీలు పుల్లలు. ఆ పుల్లలతో నున్నటి బఠాణీ గింజను పట్టుకోవడం మాకు మూడో వారానికి గాని రాలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు చెంచా ఎత్తాకే చిన్నవాళ్ళు మొదలుపెట్టాలి. మనకు ఆవకాయ ఎలాగో వాళ్ళకు కిమ్చీ అలాగ. మనం ఎండాకాలంలో పచ్చడి పెడితే, వాళ్ళు చలికాలం వచ్చే ముందు చుట్టాలూ ఇరుగుపొరుగూ కలిసి జాడీలకు జాడీలు కిమ్చీ పెడతారు. ఆ పనిని 'కిమ్జాంగ్' అంటారు. 2013లో యునెస్కో దాన్ని అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వేసవిలో బాగా ఉక్కపోసే మూడు రోజులను ప్రత్యేకంగా లెక్కపెట్టుకుని, ఆ రోజుల్లో పొగలు కక్కే కోడి పులుసు తాగుతారు. వేడిని వేడితోనే కొట్టాలట! మొదటి రోజును 'ఛోబొక్' అంటారు. ఆ రోజు కోడి కడుపులో బియ్యం, జిన్సెంగ్ వేరు పెట్టి ఉడికించిన 'సామ్‌గ్యేతాంగ్' మేమూ తిన్నాం. చెమటతో తడిసిపోయాం.

అక్కడ కనిపించగానే పలకరింపుగా "అన్నం తిన్నావా?" అనే అడుగుతారు. అమ్మను 'ఒమ్మా' అంటారు, నాన్నను 'అప్పా' అంటారు. మాటలు కలిసినంత మాత్రాన భాషలు చుట్టాలు కావని మా టీచరు చెప్పారు కానీ, ఇంటికి దూరంగా ఉన్నప్పుడు ఆ పిలుపు వింటే ప్రాణం లేచివచ్చేది. అమ్మాయిలు తమకన్నా పెద్దమ్మాయిని పేరు పెట్టి పిలవరు. 'ఒన్ని' అంటారు. అంటే అక్క. మన హాస్టల్లో ఒక తరగతి పెద్దదైనా అక్కే కదా, అలాగే.

అందుకే కొత్తవాళ్ళు ఎవరు కలిసినా ముందు వయసు అడుగుతారు. వయసు తెలిస్తే గాని 'మీరు' అనాలో 'నువ్వు' అనాలో వాళ్ళకు తేలదు. పూర్వం అక్కడ పుట్టగానే ఒక ఏడు వేసేవారట, కొత్త సంవత్సరం రాగానే ఇంకొకటి కలిపేవారట. 2023 జూన్ నుంచి ప్రభుత్వ లెక్కలు చాలావరకు మనలాగే పుట్టినరోజును బట్టి చూస్తున్నారు. నాలుగు వారాల్లో కొరియా వాళ్ళు మమ్మల్ని యాభై సార్లయినా వయసు అడిగి ఉంటారు. ఇంటిపేరు మాత్రం ఎవరూ అడగలేదు.

అడిగింది మనవాళ్ళే. మాతో వచ్చిన గుంపులో ఒక అమ్మాయి మొదటి వారంలోనే, "మీ పూర్తి పేరేంటి? మీరు ఎవరి తాలూకు?" అంది. ఆ ప్రశ్నకు అర్థం మీకు వేరే చెప్పనక్కర్లేదు. మేము సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చదివామని చెప్పాం. "ఓహో" అంది. ఆ తరువాత నాలుగైదు రోజులు భోజనాల దగ్గర మా బల్ల మీద చోటు ఖాళీగానే ఉండేది. ఎన్నో వేల కిలోమీటర్లు ఎగిరి వెళ్ళాం కదా, ఆ ప్రశ్న కూడా మాతోపాటే విమానం ఎక్కింది.

ఇక అక్షరాల సంగతి. కొరియా లిపిని 'హంగుల్' అంటారు. దాన్ని సెజోంగ్ అనే రాజు 1443లో తయారు చేయించి 1446లో ప్రకటించాడు. అంతకు ముందు వాళ్ళు చైనా అక్షరాలతో రాసుకునేవారు. అవి వేలల్లో ఉంటాయి. ఏళ్ళ తరబడి కూర్చుని నేర్చుకునే తీరిక ఉన్న ఇళ్ళవాళ్ళకే చదువు. మామూలు జనం తమ కష్టం కాగితం మీద చెప్పుకోలేకపోతున్నారని రాజు 28 అక్షరాలు చేయించాడు. ఇప్పుడు 24 వాడుతున్నారు. నాలుక, పెదవులు, గొంతు ఉండే తీరును బట్టి హల్లులు గీశారు. మన గుణింతంలాగే హల్లుకు అచ్చు చేరుస్తారు. మాకు వారం రోజుల్లో చదవడం వచ్చేసింది. గుణింతాలు అప్పజెప్పించిన మన ట్యూటర్ మేడమ్‌కు ఇక్కడి నుంచే దండం పెట్టుకున్నాం. అయితే ఆ రోజుల్లో పెద్దవాళ్ళు దీన్ని నీచపు రాత అని పక్కన పెట్టారు. ప్రభుత్వ కాగితాల్లో దానికి చోటు ఇమ్మని ఆజ్ఞ వచ్చింది 1894లో. అంటే దాదాపు నాలుగున్నర శతాబ్దాలు పట్టింది.

చదవడం వచ్చాక మేము బస్సులో కూర్చుని బోర్డులన్నీ కూడబలుక్కుంటూ చదివేవాళ్ళం. ఒక రోజు ఒక మాంసం హోటల్ మీద 'బెక్‌జొంగ్' అని చదివాం. అర్థం ఏమిటని మాతో ఉన్న కొరియా అమ్మాయిని అడిగాం. "కసాయివాడు అని. పాత మాట. ఎవరినైనా అలా పిలిస్తే మాత్రం తిట్టు" అంది. ఎందుకు తిట్టు అయిందని అడిగాం. అప్పుడు ఆమె చెప్పినదీ, తరువాత మేము లైబ్రరీలో కూర్చుని చదివినదీ మీకు చెప్తాం.

కొరియాలో కూడా జనాన్ని పుట్టుకను బట్టి మెట్లు మెట్లుగా పెట్టారు. పైన 'యాంగ్‌బన్' అనే దొరలు. కింద పశువులు కోసేవాళ్ళు, తోలు పని చేసేవాళ్ళు, బుట్టలు అల్లేవాళ్ళు. వీళ్ళే బెక్‌జొంగులు. వీళ్ళ ఇళ్ళు విడిగా ఉండేవి. పెద్దమనుషులు పెట్టుకునే నల్ల టోపీ వీళ్ళు పెట్టుకోకూడదు. వెదురు టోపీయే పెట్టుకోవాలి. చిన్నపిల్లాడి ముందు కూడా తల వంచాలి. దొరలు వీళ్ళు కోసిన మాంసం తింటారు, వీళ్ళను మాత్రం దగ్గరికి రానివ్వరు. చదువుతుంటే మా ఇద్దరికీ నోట మాట రాలేదు. మాలో ఒకరి తాత చెప్పులు కుట్టేవాడు. ఆయన ఆరె, రంపె ఇప్పటికీ ఇంటి చూరులో ఉన్నాయి. మన ఊళ్ళలోనూ అంతే కదా. తోలు తీసినవాడు తక్కువ, చెప్పు కుట్టినవాడు తక్కువ, ఆ చెప్పు తొడుక్కున్నవాడు మాత్రం గొప్ప.

ఇందులో ఆశ్చర్యమైనది ఇంకొకటి ఉంది. 'బెక్‌జొంగ్' అనేది మొదట తిట్టు కాదు. మామూలు ప్రజలు అని అర్థం. వీళ్ళను అందరిలో కలపాలని 1423లో ఆ పేరు పెట్టినవాడు అదే సెజోంగ్ రాజు. కానీ జనం వీళ్ళను 'కొత్త బెక్‌జొంగులు' అని వేరు చేసి పిలిచారు. చివరికి మంచి పేరే తిట్టుగా మారింది. పేరు మారిస్తే బతుకు మారదని మనకు 'హరిజన' అనే మాట నేర్పలేదా!

1894లోనే చట్టం చేసి ఈ పుట్టుక తేడాలను రద్దు చేశారు. అయినా మనసులు మారలేదు. సియోల్‌లో పాక్ సొంగ్‌చున్ అనే బెక్‌జొంగ్ చర్చిలో చేరితే, ఆయనతో కలిసి కూర్చోలేమని దొరలు వేరే చర్చి పెట్టుకున్నారు. తరువాత వాళ్ళే తిరిగి వచ్చి కలిశారు. 1898లో సియోల్‌లో జరిగిన పెద్ద బహిరంగ సభలో ఆయన మాట్లాడాడు. 1911లో అదే చర్చికి పెద్దగా ఎన్నికయ్యాడు. ఆయన కొడుకు పాక్ సొయాంగ్ 1908లో కొరియాలో ఆధునిక వైద్యం చదివి పట్టా పొందిన మొదటి ఏడుగురిలో ఒకడు. కసాయి ఇంటి పిల్లవాడు డాక్టరయ్యాడు! ఆ సుంగ్‌దోంగ్ చర్చి ఇన్సాదోంగ్ అనే బజారు పక్కన ఇప్పటికీ ఉంది. మేము వెళ్ళి చూశాం.

డాక్టరు ఒకడే అయ్యాడు. మిగతా పిల్లల్ని బడిలో చేర్చుకోలేదు. డబ్బున్న బెక్‌జొంగ్ పిల్లలకు కూడా బడి తలుపు మూసే ఉంది. ఆ కోపంతోనే 1923 ఏప్రిల్‌లో జింజు అనే ఊళ్ళో 'హ్యొంగ్‌ప్యొంగ్‌సా' అనే సంఘం పుట్టింది. 'హ్యొంగ్' అంటే తక్కెడ. మాంసం తూచే తక్కెడే వాళ్ళ పనిముట్టు. రెండు పళ్ళేలు ఎలా సమంగా నిలుస్తాయో మనుషులూ అలా నిలవాలని దాన్నే తమ పేరుగా పెట్టుకున్నారు. పేరు పెట్టి సరిగ్గా 500 ఏళ్ళకు వాళ్ళే తమ పేరు తాము పెట్టుకున్నారన్నమాట. కాంగ్ సాంగ్‌హో అనే దొర బిడ్డ కూడా వాళ్ళతో కలిశాడు. అందుకు ఆయన్ని కూడా 'కొత్త బెక్‌జొంగ్' అని వెక్కిరించారు. ఆ సంఘం మీద కోపంతో ఊళ్ళో కొందరు గొడ్డు మాంసం కొనడం మానేశారు. మన దగ్గర వెలి వేసినట్టే. అయినా సంఘం దేశమంతా పాకింది. 1935లో పేరు మార్చుకునే దాకా నడిచింది. బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్ చెరువులో నీళ్ళు తాగింది 1927లో. అక్కడి తక్కెడకూ ఇక్కడి దోసెడు నీళ్ళకూ మధ్య నాలుగేళ్ళే తేడా.

ఒక శనివారం మేము బస్సెక్కి జింజు వెళ్ళాం. సియోల్ నుంచి నాలుగు గంటల దారి. నది పక్కన పాత కోట, కోటలో పెద్ద మండపం. అన్నం మీద కూరగాయలు, పచ్చి గొడ్డు మాంసం పీలికలు పెట్టి కలుపుకునే బిబింబాప్ ఆ ఊరికి పేరు. అది అక్కడ గౌరవమైన వంటకం. మన దగ్గర ఆ మాంసం పేరు ఎత్తడానికే గొంతు తగ్గించేవాళ్ళం, అక్కడ నిర్భయంగా తిన్నాం. 1996లో ఆ ఊరివాళ్ళు ఈ ఉద్యమానికి గుర్తుగా ఒక స్తంభం కట్టారు.

మరి ఇప్పుడు ఆ బెక్‌జొంగుల మనవళ్ళు ఎక్కడున్నారు? కొరియా స్నేహితురాలిని అడిగాం. నవ్వింది. "ఎవరికీ తెలియదు. ఎవరిని అడిగినా మా పూర్వీకులు యాంగ్‌బన్‌లే అంటారు" అంది. భూ సంస్కరణలు వచ్చాయి, 1950 నుంచి 1953 దాకా యుద్ధం వచ్చింది, ఊళ్ళు చెల్లాచెదరయ్యాయి, జనం పట్నాలకు చేరారు. ఎవరి తాత ఏ పని చేసేవాడో అడిగేవాళ్ళు లేకుండా పోయారు. అలాగని అక్కడ అందరూ సమానమని అనుకోకండి. డబ్బున్న ఇంట్లో పుట్టినవాళ్ళను 'బంగారు చెంచా' అనీ, పేదింట్లో పుట్టినవాళ్ళను 'మట్టి చెంచా' అనీ కుర్రవాళ్ళు చెప్పుకుంటారు.

ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. మరిచిపోవడం మంచిదేనా? ఒకరం మంచిదే అన్నాం. పెళ్ళిలో, ఉద్యోగంలో, అద్దె ఇంట్లో ఎవరూ అడగకపోతే అంతకన్నా ఏం కావాలి? ఇంకొకరం ఒప్పుకోలేదు. అందరూ దొరల వంశమే అయితే పోరాడినవాళ్ళకు వారసులే లేరన్నమాట! ఆ మాట ఇప్పటికీ తిట్టుగానే ఉంది కదా! చివరికి మేము ఒక మాట మీదికి వచ్చాం. మాకు కావలసింది తాత పని దాచి బతకడం కాదు. తాత పని చెప్పినా ఎదుటివాడి మొహం మారని రోజు కావాలి.

కోర్సు చివర ప్రతి జట్టూ రెండు దేశాల మధ్య పోలిక ఒకటి చెప్పాలి. మిగతావాళ్ళు యోగా, సినిమాలు, మసాలాలు తీసుకున్నారు. మేము జింజు, మహద్ తీసుకున్నాం. మా హాస్టల్ గురించీ చెప్పాం. ఒక గదిలో ఎంతమందిమి పడుకునేవాళ్ళమో, స్టడీ అవర్ ఎలా ఉండేదో, మా ఇళ్ళలో డిగ్రీ దాకా చదివింది మేమే మొదటివాళ్ళమనీ చెప్పాం. పదిహేను నిమిషాలు ఎవరూ కదల్లేదు. కొరియా విద్యార్థి ఒకతను లేచి, "మా చరిత్ర పుస్తకంలో ఇది ఒక పేరాగ్రాఫు. పరీక్ష కోసం చదివి వదిలేశాను" అన్నాడు. మా బల్ల దగ్గరికి రావడం మానేసిన అమ్మాయి ఆ సాయంత్రం వచ్చి కూర్చుంది. ఏమీ అనలేదు. మేమూ ఏమీ అడగలేదు. ముగ్గురం నూడుల్స్ తిన్నాం.

చెల్లెళ్ళారా, పెద్ద చదువుకు దేశం దాటడం మనకు కొత్త కాదు. బాబాసాహెబ్ 1913లోనే బరోడా రాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్ళారు. మీరు ఇప్పటి నుంచే కొన్ని పనులు చేయండి. డిగ్రీలో చేరగానే పాస్‌పోర్టు తీసుకోండి. సర్టిఫికెట్లలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో పదో తరగతిలోనే చూసుకోండి. రోజూ అరగంట ఒకరితో ఒకరు ఇంగ్లీషులో మాట్లాడుకోండి, తప్పులకు నవ్వకండి. 'గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్' పేరుతో ఆ దేశ ప్రభుత్వం విదేశీ విద్యార్థులకు ఫీజు, నెలనెలా ఖర్చులు ఇచ్చి, మొదట ఏడాది పాటు భాష నేర్పి మరీ చదివిస్తుంది. మన ప్రభుత్వాలు ఇచ్చే విదేశీ విద్యా పథకాలూ ఉన్నాయి. వాటి వివరాలు నోటీసు బోర్డు మీద పెట్టమని వార్డెన్ మేడమ్‌ను అడగండి.

ఎక్కడికి వెళ్ళినా "మీరు ఎవరి తాలూకు?" అనేవాళ్ళు ఎదురవుతారు. మీ హాస్టల్ పేరు గట్టిగా చెప్పండి. హంగుల్ నేర్చుకోవాలని ఉన్నవాళ్ళు సెలవుల్లో మా దగ్గరికి రండి. వారం చాలు.