ఛార్జి తీసుకోవడం

అనువాదకులకు కావ్యాలే కష్టమని లోకం అనుకుంటుంది. ఇరవై ఏళ్లుగా ఆంగ్లం నుంచి తెలుగు చేస్తున్న నా అనుభవం వేరు. కవితలో ఒక మాట అటూ ఇటూ అయితే విమర్శకుడు నొచ్చుకుంటాడు. యంత్రం వాడే విధానం చెప్పే పుస్తకంలో అటూ ఇటూ అయితే రైలు పట్టాలు తప్పుతుంది. నేను చెప్పబోయే రైలు పొడవు ఆరడుగులే గాని, దానిని నడపవలసినవారు మా నాన్నగారు.

మా అన్నయ్య అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో స్థిరపడ్డాడు. అతని ఇంటి నేలమాళిగ నిండా ఒక రైలు మార్గం ఉంది. అసలు దానికి 87వ వంతు కొలతలో ఇంజనులు, పెట్టెలు, వంతెనలు. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. నెలకొకసారి అయిదారుగురు మిత్రులు వచ్చి, టైంటేబులు ప్రకారం రాత్రి పదింటిదాకా రైళ్లు నడుపుతారు. అమ్మ పోయిన తరువాత నాన్నగారు అక్కడికే చేరారు. బిట్రగుంటలో ఆవిరి ఇంజనుకు బొగ్గు వేస్తూ ఉద్యోగం ఆరంభించి, తరువాత విజయవాడ నుంచి డీజిలు ఇంజనులు నడిపి, 2006లో పదవీ విరమణ చేసిన మనిషి. ఆ గదిలో నిజమైన రైలు నడిపినవారు ఆయన ఒక్కరే. కుర్చీలో కూర్చుని చూసేవారూ ఆయన ఒక్కరే. కారణం కళ్లు. మాక్యులా క్షీణత వల్ల చూపు నడిమి భాగం చెదిరిపోయింది. కదిలే రైలు తెలుస్తుంది. చేతిలోని తెరమీద అంకె తెలియదు.

గత శీతాకాలం అక్కడ గడపడానికి నేను వెళ్లినప్పుడు, ఆయనకు అనువైన కంట్రోలరు ఎంచే పని అన్నయ్య నాకు అప్పగించాడు. “పుస్తకాలు చదివి వినిపించడం నీ వృత్తే కదా!” అన్నాడు.

ఈ విద్యతో పరిచయం లేని పాఠకులకు కొంత చెప్పాలి. పూర్వం బొమ్మ రైలు వేగమంటే పట్టాలలో పారే విద్యుత్తు హెచ్చుతగ్గులే. ఒక పట్టా మీద రెండు ఇంజనులు ఉంటే రెండూ ఒకేసారి కదిలేవి. 1980ల చివర జర్మనీలో లెంజ్ సంస్థ రూపొందించిన డిజిటల్ పద్ధతి, తరువాతి దశకంలో అమెరికా నమూనా రైళ్ల సంఘం ఆమోదంతో ప్రమాణమై, ఈ చిక్కును తీర్చింది. ఇప్పుడు పట్టాలలో విద్యుత్తు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఆజ్ఞలు అందులోనే సంకేతాలుగా పోతాయి. ప్రతి ఇంజనుకూ ఒక నెంబరు. తన నెంబరుతో వచ్చిన ఆజ్ఞనే అది పాటిస్తుంది.

ఇక్కడొక తమాషా ఉంది. పట్టాల మీద భాష అందరికీ ఒకటే. చేతి కంట్రోలరుకూ, ఆజ్ఞలు పంపే పెట్టెకూ మధ్య నడిచే భాష మాత్రం కంపెనీకొకటి. అందుచేత నచ్చినది కొని తగిలిస్తే పనిచేస్తుందని నమ్మకం లేదు. స్వచ్ఛంద కార్యకర్తలు రాసిన జె.ఎం.ఆర్.ఐ. అనే ఉచిత ప్రోగ్రాము కంప్యూటరులో కూర్చుని ఈ భాషల మధ్య దుబాసీతనం చేస్తుంది. ఆ ప్రోగ్రాము మీద నాకు సహజంగానే అభిమానం కలిగింది.

అన్నయ్య మొదట తన ఫోను ఇచ్చాడు. ఖర్చు లేదు, దుబాసీ ఉన్నాడు, చాలదా అని అతని వాదం. నున్నటి గాజు మీద వేలికి ఏ గుర్తూ దొరకదు. చూపున్నవారు కూడా రైలు మీది కన్ను తీసి ఫోను మీద పెట్టవలసిందే. రెండవది, బిరడా గుండ్రంగా ఎంతైనా తిరిగే రకం. దానికి మొదలూ తుదీ లేవు; వేగమెంతో తెరమీది అంకె చెప్పాలి. మూడవది చవక రకం, పాత రేడియో బిరడాలాగా రెండు చివరలా ఆగుతుంది. చేతికి చక్కగా తెలుస్తుంది గాని, ఇంకొకరు నడుపుతున్న రైలును మధ్యలో అందుకున్నప్పుడు బిరడా ఒక వేగం దగ్గరా, రైలు మరొక వేగంలోనూ ఉంటాయి. బిరడా కదపగానే బండి ఉలిక్కిపడుతుంది. ఈ లోపం లేకుండా, ఎంచుకున్న ఇంజను వేగానికి తగినట్లు మోటారుతో బిరడా తనంతట తానే తిరిగే కంట్రోలరు కూడా జర్మనీవారు చేశారు. ఒక మిత్రుడు తెచ్చి చూపాడు. నాన్నగారి వేళ్ల కింద అది గిరుక్కున తిరగగానే ఆయన చెయ్యి వెనక్కు తీసుకున్నారు. “నేను తిప్పకుండా తిరిగే హ్యాండిలు నాకు వద్దమ్మా.”

వీటి పుస్తకాలన్నీ నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఒక పుస్తకంలో, వేరొకరి అధీనంలో ఉన్న ఇంజనును తీసుకోవడాన్ని ‘దొంగిలించడం’ అన్నారు. నేనూ అలాగే చెప్పాను. నాన్నగారికి నిజంగా కోపం వచ్చింది. “ఇంజను దొంగిలించడమేమిటి! ఒకరు ఛార్జి అప్పగిస్తారు, ఒకరు ఛార్జి తీసుకుంటారు. బ్రేకులెలా ఉన్నాయో చెప్పకుండా ఎవరైనా దిగిపోతారా?” ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకున్న నేను ఆ పేజీలో అక్కడినుంచి ఆయన మాటలే వాడాను. మూలం కన్నా అవే స్పష్టంగా ఉన్నాయి.

చివరకు దొరికింది అయోవా స్కేల్డ్ ఇంజనీరింగ్ అనే చిన్న సంస్థవారి ప్రోటోథ్రాటిల్. బిరడా లేదు. అమెరికా డీజిలు ఇంజనులోని కంట్రోలు బల్లను అరచేతికి కుదించినట్లుంటుంది: ముందుకూ వెనకకూ మార్చే పిడి, బ్రేకు పిడి, హారను మీట, ఎనిమిది నాచ్‌ల హ్యాండిలు. ఖరీదెక్కువని అన్నయ్య గొణిగాడు. ఎక్కువే. కాని ప్రతి నాచ్ దగ్గరా హ్యాండిలు టక్కున నిలుస్తుంది. ఎన్నవదో వేళ్లే లెక్కపెట్టుకోగలవు.

నాన్నగారు దానిని ఒళ్లో పెట్టుకుని, రైలుకు తగిలించకుండానే, సున్నా నుంచి ఎనిమిది దాకా, మళ్లీ సున్నాకు తెచ్చారు. ఆయన నడిపిన డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజను పుట్టిల్లు అమెరికాయే. 1962లో న్యూయార్కు రాష్ట్రపు ఆల్కో కంపెనీ నుంచి మొదటివి మన దేశానికి వచ్చాయి; 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. ఆల్కో 1969లోనే ఇంజనుల తయారీ మానేసింది. వాటికీ ఎనిమిది నాచ్‌లే. తన డ్రైవరు జీవితంలో సగం పట్టుకున్న హ్యాండిలు ఏ దేశపుదో ఆయన అంతకుముందు ఆలోచించినట్లు లేదు.

జనవరి కూటమి రాత్రి ఒక దంతవైద్యుడు నడుపుకొచ్చిన గూడ్సును మూడవ స్టేషనులో నాన్నగారు అందుకోవాలి. ఇంజను నెంబరు అన్నయ్య ముందే కంట్రోలరులో అమర్చాడు. నాన్నగారు కుర్చీలోంచి లేచి, పట్టాల పక్కన నిలబడి, హ్యాండిలు సున్నాలో ఉన్నదని వేలితో తడిమి చూసుకున్నారు. తరువాత ఆ డాక్టరు వైపు తిరిగి, “బ్రేకు పట్టు ఎలా ఉంది? దారిలో ఎక్కడైనా జారిందా?” అని తెలుగులోనే అడిగారు. ఆయన తెల్లబోయి నా వైపు చూశాడు. నేను అనువదించాను.