డొంకరాయి నుంచి దుమ్ముగూడెం దాకా

డొంకరాయి

నాన్నగారికి,

సైప్రస్ దీవిలోని ఫామగుస్తా సంగతి మీకు తెలుసు. ఊరి చుట్టూ వెనిస్ వాళ్లు బలంగా కట్టిన గోడలు, లోపల పద్నాలుగో శతాబ్దంలో లేచి 1571 తర్వాత మసీదుగా మారిన సెయింట్ నికోలస్ చర్చి, కొద్ది దూరంలో సలామిస్ శిథిలాలు. ఎవరు వచ్చారో, ఎవరిని తరిమారో అక్కడి రాళ్లే చెబుతాయి. అలాంటి ఊళ్లు చూడటానికి అలవాటుపడిన కన్ను డొంకరాయి ఉన్న ఈ సీలేరు లోయలోకి వస్తే, అడవీ నీళ్లూ తప్ప ఇక్కడేమీ లేదని తేల్చేస్తుంది. అది తప్పని నా వాదన. ఇక్కడా కోట ఉండేది. గోడల పని కనుమలు చేశాయి, కందకం పని మన్యం జ్వరం చేసింది. ఆ కోటకు ముట్టడులు జరిగాయి, గండ్లు పడ్డాయి, చివరికి అది లొంగింది. శిథిలం మాత్రం మిగల్లేదు.

రాతి ఆధారం లేనిదాన్ని కోట అనడం కవిత్వమే తప్ప చరిత్ర కాదని మీరు అంటారు. కోట చేయవలసిన పనులు రెండు: వచ్చే సైన్యాన్ని ఆలస్యం చేయడం, లోపలికి ఎవరు రావాలో నిర్ణయించడం. ఈ రెండూ ఇక్కడ జరిగాయనడానికి సాక్ష్యం కొండవాళ్ల పాటల్లో వెతకనక్కర్లేదు, బయట నిలబడిపోయినవాళ్ల కాగితాల్లోనే ఉంది. మైదానాల్లో నడిచిన కోర్టులూ కలెక్టర్ల పద్ధతులూ కొండల్లో నడవవని ఒప్పుకుని, 1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖ జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి ఏజెన్సీ అని వేరుచేసింది. ఒక రాజ్యం తన చట్టం ఎక్కడ ఆగుతుందో తానే గీత గీసి చూపించిందంటే, ఆ గీతకు అవతల గోడలాంటిది ఏదో ఉన్నట్టే కదా. 1879 మార్చిలో రంపలో పితూరీ లేచింది. కల్లు గీతకు రంప మన్సబుదారు వేసిన చిగురు పన్ను, కొత్త అబ్కారీ నిబంధనలు, కాగితాలు చూపి కొండవాళ్ల ఆస్తి లాక్కున్న వ్యాపారులు దానికి కారణాలు. కొన్ని వందల మంది కొండవాళ్లను అణచడానికి పోలీసులు చాలక సైన్యాన్ని దించారు. అయినా పితూరీ నాయకుల్లో ఒకడైన తమ్మనదొర చనిపోయేసరికి 1880 వేసవి దాటింది. ఫామగుస్తా రాతి గోడలు ఆటోమన్లను నిలిపిందీ సుమారు పదకొండు నెలలే.

గండి ఎలా పడిందో చూస్తే ఈ మాట ఇంకా బలపడుతుంది. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డాడని బడి పిల్లలకూ తెలుసు. దానికి ముందు గూడెం ఘాట్లలో నడిచిన రోడ్డు పనిని తక్కువగా తలుస్తాం. బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు కొండవాళ్ల చేత బలవంతంగా చేయించిన పని అది. కూలి సరిగా ముట్టలేదు. తమ గోడకు గండి తమ చేతులతోనే కొట్టించారని కొండవాళ్లకు అర్థమైంది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో కవార్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోవడంలో రాజు యుద్ధనేర్పు ఎంత ఉందో ఆ ఇరుకుదారి బలమూ అంతే ఉంది. 1924 మే 7న రాజును చంపేలోపు మలబారు నుంచీ అస్సాం నుంచీ కూడా బలగాలను తెప్పించుకోవలసి వచ్చింది.

జ్వరాన్ని కోట అని పొగిడితే, ఆ జ్వరానికే పిల్లల్ని పోగొట్టుకున్న కొండవాళ్ల మాటేమిటి? ఈ అభ్యంతరం న్యాయమైనది, తేలిగ్గా దాటలేనిది. రోడ్డు లేక, మందు లేక పోయిన ప్రాణాలను చరిత్ర పేరుతో అందంగా చెప్పడం పాపం. నేను అంటున్నది రోడ్డు వద్దని కాదు. ఎవరి అవసరానికి వేశారు, ఎవరి చేత వేయించారు అన్నది రోడ్డు చరిత్రలో భాగం. ఆసుపత్రికి దారి కావాలని కొండవాళ్లే అడగడం వేరు, కూలి ఎగ్గొట్టి ఘాటు తవ్వించడం వేరు.

ఇక్కడ మనిషి కట్టిన పెద్ద కట్టడం డ్యామే. ఎగువన మాచ్‌ఖండ్ అనే పేరుతో దిగివచ్చే నది ఇక్కడ సీలేరు. మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం 1955లో మొదలైంది. డొంకరాయిలో ఆపిన నీళ్లు కాలువ గుండా దిగువన పొల్లూరు చేరి 460 మెగావాట్ల కేంద్రాన్ని నడుపుతాయి. ఆ వెలుగులో చదువుకున్న మనం ఎగువన జలాపుట్ జలాశయం నీళ్ల కింద పోయిన ఊళ్లను శిథిలాల లెక్కలో ఎప్పుడూ రాయలేదు. రాళ్లు కూడా ఈ కొండలకు కొత్త కాదు. గదబలు, బొండోలు చనిపోయినవారి పేర రాళ్లు నిలబెట్టే ఆచారం గురించి ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1943లోనే రాశాడు. గదబల ఊళ్లలో పెద్దలు ఆ రాళ్ల మీదే కూర్చుని తగవులు తీర్చేవారు. వాడుకలో ఉన్న రాయిని శిథిలమని ఎవరూ అనరు, అందుకే యాత్రికుల పుస్తకాలకు అది ఎక్కదు.

దుమ్ముగూడెం

నాన్నగారికి,

సీలేరు శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. అక్కడి నుంచి గోదావరికి ఎదురుగా భద్రాచలం దాటి వస్తే దుమ్ముగూడెం. చర్చీ శిథిలమూ ఒకేచోట కావాలనుకునేవారు రావలసిన చోటు ఇది. గోదావరి మీద ఎగువకు పడవలు నడపాలని కాటన్ కాలంలో తలపెట్టిన పనుల్లో ఇక్కడ ఆనకట్ట కట్టారు. 1871లో మొత్తం పథకాన్నే వదిలేశారు. ఆ పనులు చూసిన ఇంజనీరు హేగ్ చొరవతోనే కోయల మధ్య క్రైస్తవ మిషన్ మొదలైంది. తర్వాత వచ్చిన జాన్ కేన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 1876 నుంచి ఇండియన్ యాంటిక్వరీలో రాసిన వ్యాసాలు కోయల జీవితానికి తొలి ఆధారాల్లో ఒకటి. పడవల పథకం నిలవలేదు, ఆ రాత మిగిలింది. ఇంజనీరు పని ఆగిపోయి, పాదిరి పని నిలిచిందంటే దేవుడి మహిమ అంటారు కొందరు. కేన్ కోయ మాట నేర్చుకున్నాడు, గూడేల్లో తిరిగాడు. నాకు కనిపించే కారణం అదే.

కనుమల కోట లొంగుతున్నకొద్దీ దాని స్థానంలోకి చట్టం వచ్చింది. 1917లో ఏజెన్సీ భూములు బయటివారి చేతుల్లోకి పోకుండా చేసిన చట్టం, 1959 నిబంధన, దాన్ని బిగించి అందరూ 1/70 అని పిలిచే 1970 సవరణ, అనంతగిరి కొండల గనుల తగవులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు: ఇవి కాగితం మీది ప్రాకారాలు. రాతి గోడ కూలితే రాళ్లు మిగులుతాయి, చూసినవాళ్లకు నష్టం తెలుస్తుంది. చట్టానికి గండిపడితే బినామీ పట్టా తప్ప ఏమీ కనపడదు. అందుకే ఈ కోట మీద ఎక్కువ కాపలా కావాలి.

భూముల మాట అలా ఉంచితే, పురాతన కట్టడాల రక్షణకు 1958లో చేసిన చట్టం కట్టడానికి కనీసం నూరేళ్లు నిండాలంటుంది. రాజు పట్టిన పోలీసు స్టేషన్లకు 2022 నాటికే ఆ వయసు దాటింది. నిలువు రాయినీ సమాధినీ కూడా ఆ చట్టం తన నిర్వచనంలో చేర్చుకుంది కాబట్టి గదబల రాళ్లకు అందులో చోటు అడగవచ్చు. దామనపల్లి ఘాటుకు మాత్రం అందులోని ఏ మాటా సరిపోదు. మీ స్నేహితుల్లో పురావస్తు శాఖలో పనిచేసినవారు ఉన్నారు కదా, యుద్ధం జరిగిన దారిని ఏ పద్దు కింద నమోదు చేయవచ్చో వారినడిగి నాకు రాయండి.

అమ్మకు నమస్కారాలు చెప్పండి.