కంప్యూటర్‌కి ముసలితనం రాలేదు నాన్నా!

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఆ వెంటనే వచ్చిన దీపావళికి నేను రాజాం వెళ్లేసరికి, ఇంట్లో మా పాత డెస్క్‌టాప్ మీద పంచాయితీ నడుస్తోంది. 2015లో నా ఇంజినీరింగ్ కోసం నాన్న కొన్నది. ఇప్పుడు దాని మీద చెల్లి టెట్‌కి ప్రిపేరవుతోంది. ఆన్ చేస్తే స్క్రీన్ కుదురుకోడానికి ఐదు నిమిషాలు, క్రోమ్ తెరుచుకోడానికి ఇంకో రెండు.

"ఏటి బాబూ, దీనికీ ముసలితనం వచ్చేసినట్టేనా?" అన్నారు నాన్న. ఒక షాపతను చూసి, "రిపేరు దండగ, కొత్తది తీసుకోండి, 35 వేలవుద్ది" అన్నాడట. నాన్న అప్పటికే డబ్బు సర్దే పనిలో ఉన్నారు.

అన్నీ ఫోన్‌లోనే అవుతుంటే కంప్యూటర్ ఎందుకు అంటారా? టెట్ ఫోన్‌లో రాసేది కాదు. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్‌తో జవాబులు పెట్టాలి. ఇంట్లో మాక్ టెస్ట్ రాస్తుంటే 'నెక్స్ట్' నొక్కాక పేజీ కదలదు, టైమర్ మాత్రం ఆగదు. "ఆన్సర్ తెలిసి కూడా మార్కు పోతంది అన్నయ్యా" అంది చెల్లి.

కొనే ముందు అసలు జబ్బేంటో చూద్దామన్నాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మా దాంట్లో సీపీయూ 12 శాతం. డిస్క్ మాత్రం 100 శాతం! అంటే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని, డిస్క్ నుంచి సరుకు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తోంది.

వంటింట్లో చూడండి. ప్రాసెసర్ వంట చేసే మనిషి. ర్యామ్ పొయ్యి పక్కన గట్టు. హార్డ్ డిస్క్ అటక. గట్టు చిన్నదైతే ప్రతి పోపు గింజకీ అటకెక్కి దిగాలి. వంటమనిషి ఎంత చురుకైనా కూర ఆలస్యమే. మన పాత హార్డ్ డిస్కుల్లో పళ్లెం నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. వినడానికి ఎక్కువే. కానీ అక్కడొకటి, ఇక్కడొకటి ఉన్న చిన్న చిన్న ముక్కలు వెతకాలంటే సెకనుకి వంద దగ్గరే ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. అదే పని సెకనుకి వేలల్లో చేస్తుంది.

దేనిమీదా చెయ్యి వెయ్యకముందు డిస్క్ ఆరోగ్యం చెప్పే చిన్న సాఫ్ట్‌వేర్ నడిపాను. పసుపు రంగులో 'జాగ్రత్త' అని చూపించింది. అంటే ఎప్పుడైనా పోవచ్చు. వెంటనే అందులో ఉన్నవన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ పెట్టాను. కవిటి దగ్గర అమ్మమ్మగారి ఊరి ఫోటోలు, 2018 తిత్లీ తుపానుకి నేలకూలిన కొబ్బరిచెట్లు, వాటి మధ్య నిలబడ్డ అమ్మమ్మ. ఇప్పుడామె లేరు. అమ్మ చేస్తున్న పని ఆపేసి వచ్చి కూర్చుంది. "ఇవన్నీ ఇందులోనేటి ఉన్నాయి?" అంది. వేరే కాపీ ఎక్కడా లేదు. పాతది షాపుకిచ్చేసి ఉంటే ఇవీ దాంతోపాటే పోయేవి.

మర్నాడు విజయనగరం నుంచి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చాను, రెండు వేల చిల్లర. ఖాళీగా ఉన్న స్లాట్‌లో సెకండ్ హ్యాండ్ 4 జీబీ ర్యామ్ పెట్టాను. కరెంటు తీగ పీకేసి, ఫ్యాన్ చుట్టూ పేరుకున్న దుమ్ము పెయింటింగ్ బ్రష్‌తో దులిపాను. మొత్తం మూడు వేల లోపే.

ఇక విండోస్ సంగతి. విండోస్ 11కి టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే. మాది నాలుగో తరం ఐ3. అందుకే ఉచితంగా దొరికే లినక్స్ మింట్, అందులోనూ తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ఎక్కించాను. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, చెల్లికి చూపించి, తను సరేనన్నాకే. బ్రౌజర్, పీడీఎఫ్‌లు, తెలుగు టైపింగ్... తనకి కావాల్సినవి అన్నీ ఉన్నాయి. ఇప్పుడు అరనిమిషంలో తెరుచుకుంటోంది. అయితే ట్యాలీలాంటి విండోస్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఈ సలహా ఇవ్వను. వాళ్లు విండోస్ 10లోనే నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే ముందు టాస్క్ మేనేజర్ చూడండి. డిస్క్ 100 దగ్గర ఉంటే ఎస్‌ఎస్‌డీ. మెమరీ నిండిపోతుంటే ర్యామ్. ఆన్ చెయ్యగానే వరసగా లేచే యాప్‌లని స్టార్టప్ ట్యాబ్‌లో ఆపెయ్యండి, దానికి పైసా ఖర్చు లేదు. 'ఒక్క క్లిక్‌తో పది రెట్ల స్పీడ్' అనే బూస్టర్ల జోలికి మాత్రం పోకండి. అవి అటక మీద ఇంకో మూట. ఇవన్నీ చూశాక కూడా సీపీయూ ఎప్పుడూ నిండుగానే ఉంటే, అప్పుడు కొత్తది కొనాల్సిందే.

మనలో చాలామంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటాం. ఇంటి నుంచి ఫోనొస్తే డబ్బు పంపడం తేలిక. కానీ 35 వేలంటే మా చెల్లి కోచింగ్ ఫీజు. ఈసారి ఊరెళ్లేటప్పుడు బ్యాగులో ఒక స్క్రూడ్రైవర్, ఒక పెన్‌డ్రైవ్ వేసుకోండి. ముందు ఫోటోలు కాపీ చెయ్యండి.