గుడి పోయింది... హంసలు మిగిలాయి!

బొగ్గుబెల్టు వాళ్లకు ఊరు లేచిపోవడం కొత్త కాదు. ఓపెన్‌కాస్టు వస్తోందంటే ఇళ్లు, బడి, గుడి అన్నీ తరలాల్సిందే. అందుకేనేమో, మందమర్రి నుంచి వెళ్లినవాళ్లను ఓరుగల్లు కోట ఓ క్షణం నిలబెట్టేస్తుంది. ఇక్కడ గుడి లేదు... గుమ్మాలే ఉన్నాయి!

కాకతీయ గణపతిదేవుడి కాలంలో (1199-1262) రాజధాని హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మారింది. మట్టిగోడ, రాతిగోడ దాటి లోపలికెళ్తే నగరం నడిబొడ్డున స్వయంభూ శివాలయం ఉండేది. 1323లో ఢిల్లీ సేనలతో వచ్చిన ఉలుగ్‌ఖాన్ కోటను పట్టుకున్నాడు. గుడి నేలమట్టమైంది. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు మాత్రం నిలిచాయి. ఒక్కోటీ సుమారు 30 అడుగుల ఎత్తు. ఉత్తర, దక్షిణ తోరణాల మధ్య దూరమే 480 అడుగులు. ఆ ఆవరణ ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు.

మరి ఇవెలా మిగిలాయి? వీటి మీద దేవుళ్ల బొమ్మలు లేకపోవడమే కారణమని చెబుతారు. ఉన్నవల్లా తామరమొగ్గలు, పూలదండలు, పక్షులు, వింత జంతువులు. అడ్డదూలం మీది హంసల్ని చూడండి. తోకలు లతల్లా మెలికలు తిరిగి ఉంటాయి. అందుకే హంస తోరణమన్న పేరూ వచ్చింది.

తలెత్తి చూశాక, తల దించీ చూడాలి. ఆవరణ నిండా విరిగిన శిల్పాలే. స్తంభాల ముక్కల నడుమ నందులు, ఏనుగులు, సింహాలు కనిపిస్తాయి. చాలామంది తోరణం ముందు ఫొటో దిగి వెనుదిరుగుతారు. 2014లో రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది కూడా తోరణమే. కానీ కూలిన గుడి ఎంత అందంగా ఉండేదో చెప్పగలిగినవి ఈ నేల మీది మూగజీవాలే. వాటి మీదెక్కి కూర్చున్నా, గీతలు గీసినా ఆ కథలో ఒక్కో మాటా చెరిగిపోయినట్టే.

మందమర్రిలో పొద్దున్నే రైలెక్కి కాజీపేటలో దిగి, బస్సులో వరంగల్ చేరొచ్చు. అక్కడ ఆటో ఎక్కి 'కోట' అంటే చాలు. ఎండ మండేలోపు వెళ్తే మేలు. పిల్లలు విసిగిస్తే ఓ పని అప్పజెప్పండి... ఎన్ని రకాల జంతువులున్నాయో లెక్కపెట్టమనండి. ముట్టుకోకుండా!