యంత్రం కన్నా ముందు పొట్టనూ ఇంటినీ చూడాలి

మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయాయని చెప్పగానే మీ మనసు డయాలసిస్ యంత్రం వైపే పోతుంది. వారానికి మూడు రోజులు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు. ఉద్దానం పల్లెలోని జీడితోట కూలీకి ప్రయాణంతో కలిపి ఆ మూడు రోజుల పనీ పోయినట్లే. ఇంట్లోనే చేసుకోగల పెరిటోనియల్ డయాలసిస్ గురించి అడిగేవారు అరుదు.

ఇందులో పొట్టలోకి మెత్తని గొట్టం అమర్చి, సుమారు 2 లీటర్ల ద్రవం నింపుతారు. ఉదరపు లోపలి పొర గుండా రక్తంలోని మలినాలు ఆ ద్రవంలోకి చేరతాయి. కొన్ని గంటలకొకసారి దానిని తీసివేసి కొత్తది నింపాలి. సాధారణంగా రోజుకు నాలుగు మార్లు.

కనుక మొదట పరీక్షించవలసింది పొట్టనే. పలు ఆపరేషన్ల వల్ల లోపల పేగులు అతుక్కుపోయిన వారికి ఇది కుదరకపోవచ్చు. హెర్నియా ఉంటే ముందు దానిని సరిచేయించాలి. గుండె బలహీనమై, యంత్రం మీద రక్తపోటు పడిపోయే వారికి మాత్రం తరచు ఇదే మేలు. మధుమేహం అడ్డంకి కాదు. అయితే ద్రవంలో గ్లూకోజు ఉంటుంది గనుక మందుల మోతాదు మార్చవలసి రావచ్చు.

చదువు రానివారికి ఇది తగదనే వాదనను నేను అంగీకరించను. చేతులు శుభ్రంగా కడుక్కునే నిష్ఠకు డిగ్రీతో పనిలేదు. చూపు మందగించినా, చేయి వణికినా, ఇంట్లో నేర్చుకునే తోడొకరుంటే చాలు. తలుపు మూసుకోగల శుభ్రమైన గది, నెలకు సుమారు 120 ద్రవపు సంచులు పెట్టుకునే చోటు మాత్రం తప్పనిసరి.

క్రియాటినిన్ పెరుగుతున్న దశలోనే ఈ విషయం వైద్యుణ్ణి అడగండి. ఊపిరాడక ఆసుపత్రికి పరుగెత్తిన రాత్రి ఎంచుకునే వ్యవధి ఉండదు. చికిత్స మొదలైన తరువాత, బయటికి వచ్చిన ద్రవం మసకగా కనబడితే నొప్పి లేకున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఆ సంచిని పారబోయక వెంట తీసుకువెళ్లండి.