మంచుకొండకు ఏ బండి?

సంక్రాంతి సెలవులు దగ్గరపడితే చాలు, చాలా ఇళ్లలో మనాలీ కబుర్లు మొదలవుతాయి. అమ్మానాన్నలు, అన్నయ్య కుటుంబం, అక్కాబావలు, పిల్లలు... లెక్క తేలేసరికి పన్నెండు మంది. విమానం టిక్కెట్లు కొనేస్తారు, హోటల్ గదులు మాట్లాడేస్తారు. అసలు చర్చ ఆ తర్వాతే. చండీగఢ్‌లో దిగాక అందరం ఒకే బండిలో వెళ్దామా, రెండింట్లోనా? 'విడివిడిగా అయితే అంత్యాక్షరి ఎలా ఆడతాం?' అంటారు పిల్లలు. దాంతో పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ ఖాయమైపోతుంది.

మనాలీ వరకూ ఆ నిర్ణయానికి వంకపెట్టాల్సిన పని లేదు. చండీగఢ్ నుంచి దాదాపు మూడొందల కిలోమీటర్లు. బిలాస్‌పూర్, మండీ దాటాక బియాస్ నది తోడొస్తుంది. కులూ లోయలో శాలువాల దుకాణాలు, ఆకులన్నీ రాల్చేసి మోళ్లలా నిలబడ్డ యాపిల్ చెట్లు, వాటి వెనక తెల్లటి శిఖరాలు... ట్రావెలర్ కిటికీలు పెద్దవి కాబట్టి ఎవరూ మెడ సాచి చూడాల్సిన పనిలేదు. సీటు వెనక్కి వాలుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అంతకన్నా ఏం కావాలి!

చిక్కల్లా మనాలీ దాటాకే.

ఇదివరకు చలికాలంలో రోహ్‌తాంగ్ కనుమ మంచుతో మూసుకుపోతే, దాని అవతల ఉన్న లాహౌల్ లోయకు మామూలు యాత్రికులు వెళ్లే వీలే ఉండేది కాదు. 2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరుచుకోవడంతో కథ మారిపోయింది. పొద్దున మనాలీలో టిఫిన్ చేసి, మధ్యాహ్నానికల్లా సిస్సు గ్రామంలో మంచుముద్దలు విసురుకోవచ్చు. మనాలీ ఎత్తు 6,700 అడుగులైతే, సొరంగం ముఖద్వారం ఉన్నది పదివేల అడుగుల ఎత్తులో. సొరంగం లోపల భయం లేదు. సోలాంగ్ నుంచి దాని దాకా ఉన్న పది పన్నెండు కిలోమీటర్ల ఎక్కుడు రోడ్డే పరీక్ష పెడుతుంది. 2024 డిసెంబరు చివర్లో ఒక్కసారిగా మంచు కురిసి సుమారు వెయ్యి వాహనాలు ఇక్కడే చిక్కుకుపోయాయి. పోలీసులు రాత్రివేళ కష్టపడి జనాన్ని కిందికి దించాల్సి వచ్చింది. పాలు తాగే పిల్లలతో, బీపీ మాత్రలు హోటల్లో మరిచిపోయిన పెద్దవాళ్లతో కదలని బండిలో గంటలకొద్దీ కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తిరుమల, శ్రీశైలం ఘాట్‌లు ఎక్కిన మనకి మలుపులు కొత్తకాదు. కొత్తదల్లా చక్రం కింద పట్టు లేకపోవడం. అక్కడ బండి ఎంత పెద్దదన్నది ఎవరికీ పట్టదు. ఇంజిన్ బలం ఏ చక్రాలకు వెళ్తుందన్నదే ప్రశ్న. ట్రావెలర్‌కి వెనక చక్రాలకు వెళ్తుంది. ఇన్నోవాల్లో క్రిస్టాకి వెనక చక్రాలకు, హైక్రాస్‌కి ముందు చక్రాలకు. పేరు ఒకటే, తీరు వేరు. ఎర్టిగా, కారెన్స్ ముందు చక్రాల బండ్లు. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది కాబట్టి, ముందు చక్రాలు తేలికై గిర్రున తిరిగే ప్రమాదం ఎక్కువ. మరి వెనక చక్రాలదే మేలా అంటే, దానికీ ఓ తిరకాసు ఉంది. దాని పట్టంతా వెనక కూర్చున్న మనుషుల బరువు వల్లే. బండి ఆగిపోగానే మనవాళ్లు చేసే మొదటి పని, అందరూ దిగి తోయడం! బరువు తగ్గి చక్రం ఇంకా జారుతుంది. పైగా తోసేవాళ్ల మీదికే బండి వెనక్కి రావచ్చు.

నాలుగు చక్రాలకీ బలమిచ్చే ఫోర్ బై ఫోర్ ఈ బాధ చాలావరకు తప్పిస్తుంది. మంచు పడిన రోజుల్లో సోలాంగ్ దగ్గరో, ఇంకా కిందో పోలీసులు అలాంటి బండ్లనే పైకి వదలడం మామూలే. అయితే పేరు చూసి మోసపోకూడదు. ఫార్చ్యూనర్, స్కార్పియో-ఎన్‌లలో ఫోర్ బై ఫోర్ ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. ఇంకోమాట. ఎక్కడంలో సాయపడే ఆ నాలుగు చక్రాలు ఆగడంలో అక్కరకు రావు. నునుపుగా గడ్డకట్టిన మంచు మీద బ్రేకు తొక్కితే ఏ బండైనా జారేదే. ఆ మంచుపొర కంటికి తడిసిన తారులా కనిపిస్తుంది. డ్రైవర్లు దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. ఎండ తగలని మలుపుల్లో, వంతెనల మీద ఎక్కువ.

అందుకే పన్నెండుమందికి మంచి ఏర్పాటేమిటంటే, మనాలీ దాకా ట్రావెలర్, ఆపైన మంచు ఉన్న రోజున స్థానికుల ఫోర్ బై ఫోర్‌లు రెండు. ఖర్చు పెరిగే మాట నిజమే. ఆ ఒక్కరోజుకీ అంత్యాక్షరి రెండు జట్లుగా ఆడుకోక తప్పదు. నన్నడిగితే బేరమాడాల్సిన చోటు ఇది కాదు. మంచుదుస్తుల అద్దె దగ్గర ఆడండి, బోలెడంత తగ్గిస్తారు.

బండి మాట్లాడేటప్పుడు సీట్లు, ఏసీ, మ్యూజిక్ సిస్టమ్ గురించి అడుగుతాం. టైర్ల గురించి అడగం. గాడి లోతు కనీసం నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. చలి ఏడు డిగ్రీలకు దిగువకు పోతే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది కాబట్టి, అరిగిన టైరుతో అక్కడ పనే లేదు. చైన్లు ఉన్నాయా, ఆ టైరు సైజువేనా అన్నది తర్వాతి ప్రశ్న. వాటిని ఇంజిన్ బలం అందే చక్రాలకే తొడగాలి. అదీ ఇరుక్కున్నాక కాదు, మంచు మొదలయ్యేచోట చదునైన జాగాలో ఆపి. తొడిగాక ముప్ఫై, నలభై దాటకూడదు. మంచులేని రోడ్డు రాగానే తీసేయాలి, లేదంటే తెగి బండికే తగులుతాయి.

డ్రైవరు చలికాలంలో ఈ దారిన ఎన్నిసార్లు వెళ్లాడో కూడా అడగండి. దిగేటప్పుడు తక్కువ గేరులో, బ్రేకు మీద కాలు పెట్టకుండా దించగలవాడు కావాలి. రాత్రి సిస్సులోనే ఉండాలనుకుంటే ఇంకో తంటా ఉంది. గట్టి చలిలో మామూలు డీజిల్ చిక్కబడిపోతుంది. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీలకూ గడ్డకట్టని ప్రత్యేక డీజిల్ తెచ్చిందందుకే. హ్యాండ్‌బ్రేకు కూడా బిగుసుకుపోతుంది కాబట్టి అక్కడివాళ్లు బండిని గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డుపెడతారు.

ఇంత శ్రమపడి సొరంగం దాటితే... ఒక్కసారిగా మరో లోకం. దేవదారు అడవి మాయమైపోయి, నలువైపులా బోసి కొండలు, తెల్లటి మైదానం. నడుమ సన్నగా చంద్రా నది. దాని అవతల గాజుముద్దలా గడ్డకట్టిన సిస్సు జలపాతం. మ్యాగీ బండి దగ్గర పొగలు కక్కే గిన్నెల చుట్టూ చేరిన పిల్లల్ని కదిలించడం కష్టమే. కానీ మూడు దాటితే ఎండ కొండ చాటుకెళుతుంది. పగలంతా కరిగి రోడ్డు మీద పారిన నీళ్లు తిరిగి గడ్డకట్టడం మొదలవుతుంది. డ్రైవరు 'చలియే' అన్నాడంటే, చేతిలో సగం టీ ఉన్నా సరే, లేవాల్సిందే.